బయట నిలబడి చూసిన సమ్మర్ హౌస్

ముందే చెప్పేస్తున్నాను, నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పడం రాదు. ఇది చెడ్డ అలవాటని చిన్నప్పుడు మా పంతుళ్లు అన్నారు గానీ, నా మటుకు నాకిది ఒంటి తత్వం. కొందరికి పాలు పడవు, నాకు కొలతలు పడవు. జానెడు నా నోట్లో పడితే బారెడవుతుంది. మా సందులో తప్పిపోయిన పిల్లి, నేను చెప్పేసరికి చిరుతపులై, లోయర్ ట్యాంక్ బండ్ దాకా జనాన్ని తరుముతుంది. మా ఆవిడ పెళ్లయిన కొత్తలో నేను చెప్పినవన్నీ నమ్మింది, తర్వాత సగం నమ్మింది, ఇప్పుడు వాన పడుతోందని చెప్పినా కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి తడిసిందో లేదో చూసుకుంటుంది. చదివేవాళ్లు కూడా ఇక్కడున్న ప్రతి సంగతిలోనూ తమకు తోచినంత కోసేసుకోవచ్చు, నేనేమీ అనుకోను. అయితే ఒక్క చోట పెంచడం కాదు, పూర్తిగా కల్పించాను. అదెక్కడో దాచుకోకుండా ఆఖర్లో చెబుతాను.

పోయిన నెల మా అశోక్ నగర్ అపార్ట్‌మెంట్ మేడ మీద మీటింగు జరిగింది. అసోసియేషన్ సెక్రటరీ ప్రభాకర్‌కు మేడ మీద గెజిబో పెట్టించాలని బుద్ధి పుట్టింది. అదేమిటో తెలియనివాళ్ల కోసం ఫోన్‌లో బొమ్మలు చూపించుకుంటూ కుర్చీ కుర్చీకీ తిరిగాడు. నాలుగు స్తంభాలు, మీద టోపీలాంటి కప్పు, లోపల రెండు సోఫాలు, సోఫాల్లో మనదేశంలో ఎక్కడా కనిపించనంత తెల్లటి మనుషులు. మూడో అంతస్తులో ఉండే రిటైరైన టీచరమ్మ కళ్లజోడు సవరించుకుని చూసింది.

“దీంట్ల ఏం జేస్తం?”

“కూసుంటం అక్కా.”

“ఇంట్ల కూసుంటలేమా?”

“గాలికి కూసుంటం.”

“గాలికి మేడ మొత్తం ఉన్నది గదా. ఇది కట్టి ఉన్న గాలిని ఆపుడెందుకు?”

ప్రభాకర్ నా వైపు తిరిగాడు. “అన్నా, మీరు రాసేటోళ్లు, జర టేస్ట్ ఉంటది. మీరే ఒకటి సెలెక్ట్ చెయ్యండ్రి.” ఇనుపవి, చెక్కవి, చెక్కలా కనిపించే ప్లాస్టిక్‌వి చూపించాడు. చూసి చూసి, “లోపల నుంచి ఎట్లుంటదో ఫోటో ఉన్నదా?” అని అడిగాను. “లోపల ఏముంటది అన్నా? అన్నీ బయట నిలబడే తీస్తరు” అన్నాడు. ఆ మాటతో నేను మేడ మీది నుంచి, ఆ మీటింగులోంచి, ఈ వయసులోంచి జారి చిక్కడపల్లిలో మా పాతింటి తోటలో పడ్డాను.

తోట అంటే మొఘల్ తోటలు గుర్తు చేసుకోవద్దు. రెండు దుప్పట్లు పక్కపక్కన పరిస్తే మూడో దుప్పటికి చోటు లేని జాగా అది. అందులో ఒక నిమ్మచెట్టు, ఒక జామచెట్టు, కరివేపాకు, కనకాంబరాలు, బట్టలుతికే బండ పక్కన ఆ నీళ్లు తాగి బలిసిన పుదీనా. ఆ పుదీనాతో చేసిన పచ్చడిలో సబ్బు వాసన వచ్చేదని మా అమ్మ అనేది, అందుకే కడుపు శుభ్రంగా ఉంటుందని మా నానమ్మ అనేది. పొద్దున్నే నానమ్మ వాకిలి చల్లితే లేచే తడిమట్టి వాసన, వెనకనుంచి నీళ్ల పొయ్యి పొగ, కాసేపటికి పోపులో కాగే వెల్లుల్లి, ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వరస తప్పకుండా వచ్చేవి. గడియారం చూసే అవసరం మా ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు, ముక్కుంటే చాలు.

ఆ ఇంటికి యజమాని మా తాత, అంటే నాన్నకు నాన్న. కాగితం మీద ఆయన, నడిపేది నానమ్మ. ఆవిడకు గోడ కనిపిస్తే దానికి తలుపు పెట్టి ‘పోర్షన్’ చేసి కిరాయికి ఇచ్చేయాలనిపించేది. ముందుగది ఒక కుటుంబానికి, వెనక రెండు గదులు ఇంకో కుటుంబానికి, మేడ మీది రేకుల గది ఎప్పుడూ ఏదో ఒక పరీక్షకు చదువుతూ ఉండే కుర్రవాళ్లకు. తాత సర్కారు దఫ్తరులో గుమస్తాగా చేరి, హెడ్ క్లర్కుగా దిగాడు. రిటైరైన రోజు ఆయన పేము కుర్చీ హాల్లో ఉంది. హాలు అడ్డుతెర వేసి మా చిన్నాన్న కొత్తకాపురానికి ఇచ్చారు, కుర్చీ వరండాలోకి వచ్చింది. వరండా టైపు నేర్పేవాళ్లు కిరాయికి అడిగారు, కుర్చీ మెట్ల కిందికి వెళ్లింది. మెట్ల కింద కిరాయిదార్ల సైకిళ్లు పెట్టారు, కుర్చీ స్నానాలగది పక్కకు చేరింది. లోపలికి వెళ్లే ప్రతి మనిషీ బకెట్టుతో, “తాతా, జర కాళ్లు దగ్గరికి తీసుకోరి” అనేవాడు. దఫ్తరులో వందమందిని (నిజానికి పదకొండుమందిని) అదిలించిన మనిషి, రోజంతా కాళ్లు దగ్గరికి తీసుకుంటూ గడిపేవాడు.

అలా ఉండగా ఒకరోజు అన్నం తింటూ ప్రకటించాడు. “నేను తోటల సమ్మర్ హౌస్ కడుతున్న.”

నానమ్మ మజ్జిగ పోస్తూ ఆగింది. “ఇంకో పోర్షనా? మంచిగున్నది. బాత్రూం ఏడ పెడుతరు?”

“కిరాయికి గాదు. నేను కూసుంటందుకు.”

“కూసుంటందుకు ఇల్లు కడుతరా?”

“ఇల్లు గాదు. గోల్‌గ ఉంటది, చుట్టూ ఖాళీ ఉంటది, మీద కప్పుంటది. దోమలగూడల మా సారు బంగ్లాల లేకుండెనా, గట్లాంటిది.”

నానమ్మ బేరమాడకుండా మజ్జిగ పోసేసింది. ఆవిడ బేరమాడలేదంటే విషయం పెద్దదని మాకు తెలుసు. మర్నాడు చేటలో బియ్యం చెరుగుతుంటే నేను పక్కన కూర్చుని అడిగాను, ఆ సారెవరు, ఆ బంగ్లా ఏంటని. ఆవిడ రాళ్లు ఏరుతూ చెప్పింది. సారు అంటే తాత దఫ్తరుకు పెద్దాఫీసరు. ఆదివారాలు దఫ్తరు మూసి ఉన్నా ఆయన పని మూయడు. తాత ఫైళ్లు సంచిలో పెట్టుకుని పొద్దున్నే దోమలగూడ నడిచి వెళ్లేవాడు. సారు తోటలో ఆ గుండ్రటి మంటపంలో కూర్చుని ఉండేవాడు. తాత బయట, మెట్టు కింద నిలబడి, రెయిలింగు మీదుగా ఒక్కో ఫైలూ అందించేవాడు. సారు చదివి సంతకం చేసి తిరిగి ఇచ్చేదాకా నిలబడేవాడు. వాన పడితే గొడుగు ఫైళ్ల మీద పట్టి తాను తడిసేవాడు.

“కూసోమనకపోయేదా?”

“ఆయన కూసోమన్లే. ఈయన కూసుంటనన్లే. గట్లనే నౌకరి అయిపోయింది.”

“సారు మంచోడు కాదా?”

“చెడ్డోడేం గాదుర. ఎండకాలం వస్తే మామిడిపండ్లు పంపేది. కూసోమనాలన్న సంగతి ఆయనకు యాదికే రాలే, అంతే.” ఒక మెరిగ తీసి పారేసి, “మీ తాతకు ఒక్కటే కోరిక ఉన్నది. ఆ సారును పిలిచి, తన దాంట్ల ఎదురుగ కూసొని, చాయ్ తాగాలంట” అంది.

అప్పటినుంచి ఇంట్లో అందరికీ ఈ సంగతి తెలుసు. తెలిసినా ఎవరూ బయటికి అనలేదు. అందుకే, ఆ తర్వాత జరిగిన పిచ్చిపనులన్నిటినీ ఎవరూ ఆపలేదు.

నారాయణగూడలో ఒక సందు చివర చెక్కపని చేసే బ్రహ్మచారి ఉండేవాడు. పేరు అదే గానీ ఆయనకు పిల్లలు ఎంతమందో ఆయనే తడుముకుని చెప్పేవాడు. చెవి వెనక పెన్సిల్‌తో మా తోటలోకి వచ్చి నిలబడగానే పెద్ద చర్చ మొదలైంది. కప్పుకు రేకులా, పెంకులా, ఎండుగడ్డా? రేకులైతే ఎండలో పెనం అవుతుందన్నారు. పెంకులైతే కోతులు పీకుతాయన్నారు. సారుది గడ్డి కప్పు కాబట్టి గడ్డే అన్నాడు తాత. ఈశాన్యంలో బరువు పెట్టకూడదని ఎదురింటి నర్సింగరావు అడ్డం వచ్చాడు. నైరుతిలో నిమ్మచెట్టు ఉంది, దాన్ని ముట్టుకుంటే తన శవం మీదుగా అని నానమ్మ కబురు పంపింది. ఆగ్నేయంలో నీళ్ల పొయ్యి. మిగిలింది వాయవ్యం. అక్కడ కడితే ఇంట్లో మనుషులు స్థిరంగా ఉండరన్నాడు నర్సింగరావు. “ఉండొద్దనే గదా కట్టేది” అంది నానమ్మ వంటింట్లోంచి.

స్తంభాలు ఎనిమిది, వాటి మీద చెక్కుడు ఎలా, కప్పు అంచు కిందికి ఎంత వాలాలి, అన్నీ తాత కళ్లు మూసుకుని చెప్పాడు. రెయిలింగు మీద కర్ర గుండ్రంగా ఉండాలన్నాడు, సరిగ్గా తన ఛాతీ దాకా రావాలన్నాడు. అంత జ్ఞాపకశక్తి నేను మళ్లీ ఎవరిలోనూ చూడలేదు. సారు సమ్మర్ హౌస్ పడమటి స్తంభానికి ఒక ముడి ఉండేదనీ, అది కోడిపెట్ట తలలా ఉండేదనీ చెప్పి, అలాంటి ముడి ఉన్న కర్రే తెమ్మన్నాడు. (ఇక్కడ కొంచెం కోసుకోండి.) బ్రహ్మచారి అన్నీ గుర్తు పెట్టుకుని, ఆఖరున అడిగాడు.

“లోపల బల్ల ఎంత ఎత్తుంటది సారూ? ఎంత వెడల్పు?”

“అది తెల్వదు.”

“ఏండ్లకేండ్లు పోయిండ్రంటిరి గదా.”

“పోయిన. లోపలికి పోలే.”

బ్రహ్మచారి చెవి వెనకనుంచి పెన్సిల్ తీశాడు, మళ్లీ అక్కడే పెట్టుకున్నాడు.  తాతే తేరుకున్నాడు. “లోపల ఎట్లున్నా నడుస్తది. సారు కూసుంటే రెయిలింగు పైన ఛాతీ, తల కనవడేది. నేను కూసుంటే గూడ గట్లనే కనవడాలె. గంతే.”

చిక్కంతా ఇక్కడే వచ్చింది. సారు ఆరడుగుల పైమాట. మా తాత కూర్చున్నాడో నిలబడ్డాడో దూరం నుంచి చూసేవాళ్లు చెప్పలేకపోయేవాళ్లు. రెయిలింగు ఎత్తు ఉన్నదున్నట్టు ఉంచి, దాని మీదుగా తాత ఛాతీ కనిపించాలంటే బల్లను పైకి లేపాలి. “రెయిలింగు రెండు బెత్తెలు తగ్గిస్త సారూ, ఒడిసిపోతది” అని బ్రహ్మచారి బతిమాలాడు. “సారుది ఎంతుండెనో అంతే ఉండాలె. తగ్గిస్తే అది ఇంకోటైతది” అన్నాడు తాత. నాలుగు రోజులు ఈ వాదన జరిగింది. చివరికి బ్రహ్మచారి మా తాత కోసం ప్రపంచంలోకెల్లా ఎత్తైన బల్ల తయారుచేశాడు. ఎదురుగా సారుకు అలాంటిదే ఇంకో బల్ల, వాటి మీదికి ఎక్కడానికి విడిగా ఒక పీట కూడా చేశాడు.

సమ్మర్ హౌస్ నిలబడే గద్దె కట్టడానికి లోయర్ ట్యాంక్ బండ్ బస్తీలోంచి పాలమూరు మనుషులు మొగుడూపెళ్లాలు వచ్చారు. అతను కిష్టయ్య, పగలంతా కలిపి నాలుగు మాటలు మాట్లాడేవాడు. అతని వాటా మాటలు కూడా ఆమే మాట్లాడేది. పేరు బాలమణి. మట్టి తట్ట నెత్తిన పెట్టుకుంటూనే, “ఇది దేవుని గుడా సారూ?” అని అడిగింది.

“గుడి గాదు.”

“గోల్‌గ ఉన్నది, అందుకని అడిగిన. మరేంది?”

“కూసుంటందుకు.”

“ఎవరు?”

“నేనే.”

“ఒక్కరేనా?” తట్ట కుమ్మరించి గద్దె చుట్టూ ఒకసారి నడిచింది. “మా ఇంట్ల అందరం దీంట్ల సగం జాగల పంటున్నం. ఏమయ్యో, విన్నవా? పట్టపగలు ఉత్తగ కూసుంటందుకు గింత జాగ.” కిష్టయ్య విన్నానన్నట్టు పార ఊపాడు. “సల్లగుండాలె సారూ” అని మళ్లీ మట్టికి వెళ్లింది. తాత ఆ సాయంత్రమంతా గద్దెను ఒకలాగ చూస్తూ తిరిగాడు. పెద్దదైపోయిందేమో అని నాన్నను రెండుమూడుసార్లు అడిగాడు. నర్సింగరావు గోడ మీదుగా తల పెట్టి, “మంచె ఏసినవ్ సరే, చేనేదయ్యా?” అన్నాడు. ఆ మాట మా సందు చివరి దాకా పోయింది. నల్లకుంట కూరగాయల మార్కెట్లో కూడా అనుకున్నారని నేను చాలా ఏళ్లు చెప్పుకుంటూ వచ్చాను.

పూర్తయిన రోజు తాత ఇస్త్రీ చొక్కా వేసుకుని, పీట మీద కాలు పెట్టి, బల్ల ఎక్కి కూర్చున్నాడు. కాళ్లు నేలకు అందలేదు, గాలిలో వేలాడాయి. నాన్నను పిలిచి మెట్టు కింద నిలబడమన్నాడు.

“ఎట్ల కనవడుతున్న?”

“మంచిగ కనవడుతున్నవు.”

“ఛాతీ కనవడుతున్నదా?”

“కనవడుతున్నది.”

“కాళ్లు?”

“కాళ్లు కనవడ్తలేవు నాన్నా.”

“ఇగ చాలు” అన్నాడు తాత. ఆయన ముఖంలో అంత తృప్తి నేను అంతకుముందు ఒక్కసారే చూశాను, అది ఆయన ప్రమోషన్ రోజు అని రాస్తే బాగుంటుంది గానీ, నిజానికి అది నానమ్మ ఊరెళ్లిన రోజు.

కట్టడం ఒక ఎత్తు, కాపాడుకోవడం ఒక ఎత్తు. మొదటి వానాకాలానికే చెదలు వచ్చాయి. హైదరాబాద్ చెదలన్నీ మా ఇంటి చిరునామా అడుగుతూ వచ్చాయి. నారాయణగూడ చౌరస్తా దగ్గర స్కూటర్ మెకానిక్ పారేసే నల్లటి వాడేసిన ఆయిలు డబ్బాలో తెచ్చి, తాత పాత బనీనుతో స్తంభాలకు పూసేవాడు. ఆ వారం మేమందరం స్కూటర్ల వాసన కొట్టేవాళ్లం. బడిలో నా పక్కన కూర్చున్నవాడు, ఇంట్లో షెడ్డు పెట్టారా అని అడిగాడు. ఎండాకాలం పోయే ముందు గడ్డి మార్చాలి, లేకపోతే కప్పు కారుతుంది. ఉడతలు ఆ గడ్డి పీకి వాటి సమ్మర్ హౌసులు అవి కట్టుకునేవి. మధ్యాహ్నం తాత కునుకు తీసే వేళకు నానమ్మ వచ్చి ఎండ పడే గద్దె నిండా వడియాలు పరిచేది. “సారు కూసునే జాగల వడియాలా?” అని తాత లేచేవాడు. “సారు వచ్చినంక తీస్త” అనేది. కిరాయిదార్ల పిల్లలు లోపల దాగుడుమూతలు ఆడేవాళ్లు. మేడ మీది కుర్రవాళ్లు పుస్తకాలతో దిగి గద్దె చుట్టూ కూర్చుని దేశదేశాల రాజధానులు వల్లించేవాళ్లు. ఒకసారి ఎవరో తెలియని కుర్రవాడు గేటు తీసుకుని నేరుగా వచ్చి, అటూ ఇటూ చూసి, “తాతా, ఇది కిరాయికిస్తరా? పరీక్ష అయ్యేదాకనే” అన్నాడు. తాత జవాబు చెప్పేలోపే వంటింటి కిటికీలోంచి, “ఒక్కడివేనా, ఇంకెవరన్నా ఉన్నరా?” అని వినిపించింది. ఆరోజు తాత నానమ్మతో రాత్రి దాకా మాట్లాడలేదు.

మనుషులందరూ వచ్చారు, సారు ఒక్కడే రాలేదు. రావాలంటే పిలవాలి కదా. తాత ఇస్త్రీ చొక్కా వేసుకుని దోమలగూడ వెళ్లేవాడు, ఎండ మొహంతో తిరిగి వచ్చేవాడు.

“సారు ఉన్నడా?” నానమ్మ అడిగేది.

“ఉన్నడు.”

“మీరు రమ్మన్నరా?”

“అన్లే.”

“మరి ఏం మాట్లాడిండ్రు?”

“ఆయన మంచిగున్నవా అన్నడు. ఉన్న సార్ అన్న. ఇగ వచ్చిన.” ఒకసారి చెప్పులు విడుస్తూ నెమ్మదిగా అసలు సంగతి చెప్పాడు. “చేతిల ఫైలు లేకపోతే నాకు మాట వస్తలేదు.”

నానమ్మ దీనికి నవ్వలేదు. నేను నవ్వబోతే నెత్తిన ఒక్కటి వేసింది. తర్వాతి ఆదివారం నిమ్మచెట్టు దులిపి, కాయలు సంచిలో నింపి ఆయన చేతికిచ్చింది. “ఇవి పట్టుకొని పోండ్రి. ఫైలే అనుకోండ్రి.” తాత సంచిని చంకలో పెట్టుకుని చూశాడు, చేతిలోకి మార్చి చూశాడు, వెళ్లాడు. మధ్యాహ్నానికి తిరిగి వచ్చి, చెప్పులైనా విడవకుండా, “వస్తనన్నడు. వచ్చే ఐతారం” అన్నాడు.

ఆ వారం మా ఇంట్లో జరిగిన హడావిడి ఏ రాజుగారి పట్టాభిషేకంలోనూ జరిగి ఉండదు. స్తంభాలకు ఆయిలు రెండుసార్లు పూశారు. ఆ వాసన పోవడానికి సాంబ్రాణి వేశారు. రెండూ కలిసి ఒక కొత్త వాసన పుట్టింది, దానికి ఇప్పటికీ పేరు లేదు. వరండాలో టైపు నేర్చుకునేవాళ్లకు సెలవిచ్చారు. నానమ్మ సర్వపిండి ఒత్తింది. తాత ఆదివారం పొద్దున తెల్లవారకముందే స్నానం చేసి సమ్మర్ హౌస్‌లో కూర్చున్నాడు. గేటు చప్పుడైనప్పుడల్లా పాలవాడికీ, చెత్త తీసేవాడికీ కూడా రెయిలింగు మీదుగా ఛాతీ చూపించాడు. నేను జామచెట్టు ఎక్కి కాపలా ఉన్నాను.

సారు రిక్షాలో వచ్చాడు. వయసుకు వంగిపోయినా ఇంకా పొడుగే. చేతికర్ర ఆనించుకుంటూ తోటలోకి వచ్చి, సమ్మర్ హౌస్ ముందు ఆగి, కిందినుంచి పైకి ఒకసారి చూశాడు. తల వంచి లోపలికి వెళ్లాడు. ఆ బల్ల ఎక్కడానికి ఆయనకూ పీట కావలసి వచ్చింది. కూర్చున్నాక ఆయన కాళ్లు కూడా కొంచెంలో నేలకు అందలేదు. తాత ఎదుటి బల్ల ఎక్కి, ఆయనకు ఎదురుగా, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. నానమ్మ యాలకులు వేసిన చాయ్ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. ఇద్దరు ముసలివాళ్లు, కాళ్లు ఊపుకుంటూ, బడి వదిలిన పిల్లల్లా కప్పుల్లో ఊదుకుంటూ తాగారు.

“మా ఇంట్ల గూడ ఇట్లాంటిదొకటి ఉండె” అన్నాడు సారు.

“ఉండె సార్.”

“నీకెట్ల తెలుసు?” అని, కాసేపటికి తనే, “అవును, నువ్వు ఫైళ్లు తెచ్చేటోనివి గదా” అన్నాడు. “అది పోయిందయ్యా. చెదలు తిన్నయి. నాకేం ఇష్టముండి దాంట్ల కూసునేది అనుకున్నవా? ఐతారం మా ఆమె ఇల్లంత కడిగి పూజ చేసుకునేది. అయ్యేదాక నన్ను లోపలికి రానియ్యకపోయేది. ఏడ కూసోవాలె మరి? దోమలు పీక్కతినేది. నువ్వు ఫైళ్లు తెస్తే జర పొద్దు పోయేది.”

“అట్లనా సార్” అన్నాడు తాత.

సర్వపిండి పళ్లకు గట్టిగా ఉందని సారు చాయ్‌లో ముంచుకుని తిన్నాడు. నిమ్మకాయలు మంచివన్నాడు, ఇంకా ఉంటే ఇమ్మన్నాడు. రిక్షా ఎక్కి వెళ్లిపోయాడు. ఆయన మళ్లీ రాలేదు.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఆ జాగాలో పరీక్షలకు చదివే పిల్లల హాస్టల్ లేచింది. ఒక్కో గదిలో ఎన్ని మంచాలు పడతాయో మా నానమ్మ చూసి ఉంటే ఆనందంతో కళ్లనీళ్లు పెట్టుకునేది. సమ్మర్ హౌస్ అంతకు చాలా ముందే చెదల పరమైంది. తాత చివరి రోజుల్లో గడ్డి మార్చడం మానేశాడు, ఆయిలు పూయడం మానేశాడు. మంచి రోజుల్లో అక్కడే కూర్చునేవాడు, కానీ ఛాతీ కనబడుతుందా అని ఎవరినీ అడగలేదు. మిగిలిన కర్రలు నానమ్మ నీళ్ల పొయ్యిలో పెట్టింది. కొన్నాళ్లపాటు మా స్నానాల వేడినీళ్లు ఆయిలు పొగ వాసన వేశాయి.

మా మేడ మీది గెజిబో పోయిన వారం వచ్చింది. అట్టపెట్టెల్లో వచ్చింది. ఇద్దరు మనుషులు స్క్రూలు తిప్పి, టిఫిన్ వేళకు మొదలుపెట్టి భోజనం వేళకు నిలబెట్టి వెళ్లిపోయారు. చెదలు పట్టవట, వానకు కారదట, తుడిస్తే చాలట. దిక్కుల గురించి ఎవరూ అడగలేదు. వద్దన్న టీచరమ్మే అందరికంటే ముందు సోఫా ఆక్రమించుకుని ఫోన్‌లో చెల్లెలితో మాట్లాడుతోంది. నేనూ వెళ్లి ఒక చివర కూర్చున్నాను. కాళ్లు నేలకు చక్కగా ఆనాయి. కాసేపటికి మా వాచ్‌మన్ వచ్చాడు, అతనిదీ పాలమూరే. నీళ్ల ట్యాంకర్ వచ్చిందని చెప్పడానికి వచ్చాడు. ప్రభాకర్ పల్లీలు తింటూ, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే పక్కకు జరిగి, “కూసో అన్నా, ఎన్ని నీళ్లు పోస్తుండో చెప్పు” అన్నాడు. వాచ్‌మన్ కూర్చున్నాడు. పల్లీలు తీసుకున్నాడు. అక్కడున్న ఎవరికీ అదొక విషయంలా కనిపించలేదు. నేను మాత్రం పల్లీలు చేతిలో పట్టుకుని, నమలడం మరిచిపోయి, చాలాసేపు చూశాను. ఈ ‘చాలాసేపు’ పెంచింది కాదు.

ఇక మాట ఇచ్చిన సంగతి. చెదలు, వాసనలు, నల్లకుంట మార్కెట్టు, కోడిపెట్ట ముడి, ఇవన్నీ కాస్త కాస్త పెరిగినవే, పుట్టించినవి కావు. సారు రావడం నిజం. చాయ్ నిజం. ఆయన చెప్పిన పూజ సంగతి అక్షరాలా నిజం. తాత ఎదురుగా కూర్చున్నాడని రాశానే, అది నిజం కాదు. గేటు చప్పుడు కాగానే తాత పీట కూడా లేకుండా బల్ల మీది నుంచి దూకాడు. సారు లోపలికి వెళ్లి కూర్చున్నాక, తాత బయటే, మెట్టు కింద, చేతులు ముందు కట్టుకుని నిలబడ్డాడు. నిలబడే చాయ్ కప్పు రెయిలింగు మీదుగా అందించాడు. సారు ఈసారి కూర్చోమన్నాడు, ఒకసారి కాదు, చాలాసార్లు అన్నాడు. “పర్వాలేదు సార్” అన్నాడు తాత ప్రతిసారీ. తన చాయ్ తాగనే లేదు. నేను జామచెట్టు మీద నుంచి చూశాను. నానమ్మ వంటింటి కిటికీలోంచి చూసింది.

ఆ సాయంత్రం నాన్న బయటినుంచి రాగానే కాళ్లు కడుక్కుంటూ అడిగాడు, “సారు వచ్చిండా? ఎదురుగ కూసున్నవా నాన్నా?” తాత అన్నం కలుపుతున్నాడు. ముద్ద ఎంతకీ నోటిదాకా రాలేదు. నానమ్మ ఆయన పళ్లెంలో ఇంకొంచెం పప్పు వేసింది.

“కూసున్నడు” అంది. “మంచిగ కూసొని చాయ్ తాగిండు. నేను చూసిన.”

తాత ఆవిడ వైపు చూడలేదు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మా ఇంట్లో ఆనాటినుంచి అదే జరిగినట్టు లెక్క. కాబట్టి కూర్చున్నాడన్నది నేను కల్పించింది కూడా కాదు, మా నానమ్మది. కాలు మీద కాలు వేసుకున్నాడన్నది మాత్రం నాది.